పొగచాయల కన్నులు – కాటుక భరిణె నుండి రంగుల పెట్టె వరకు



ఈ ‘గృహసీమ’ శీర్షికలో ఇంతవరకు వానకాలంలో పప్పుధాన్యాల నిలువ, పిల్లల చదువు, ఇంటి పొదుపు వంటి విషయాలు ముచ్చటించుకున్నాము. అలంకరణ గురించి కూడా వ్రాయమని మన సిబ్బంది కుటుంబాలలోని యువతులు కొంతకాలంగా కోరుతున్నారు. వారందరూ ముఖ్యంగా అడుగుతున్నది ‘స్మోకీ ఐ’ గురించి. అంటే కంటిచుట్టూ పొగ కమ్మినట్లు నలుపు, గోధుమ చాయలను మెల్లగా కరిగించే అలంకరణ. దానికి కావలసిన ఐషాడో పాలెట్, అనగా రంగుల పెట్టె, ఇప్పుడు అంగడిలో దొరుకుతున్నది, ఆర్డరు చేస్తే ఇంటికే వస్తున్నది. దానిని ఎలా వాడాలో, ఏది కొనాలో మాత్రం పెట్టెతో పాటు రాదు.

పెద్దవారిలో కొందరు ‘ఇది మన పత్రికలో వ్రాయదగిన విషయమేనా?’ అని సందేహించారు. వ్రాయదగినదేనని మా అభిప్రాయము. ఇది కంటికి సంబంధించిన విషయం. ఇంద్రియాలన్నింటిలో కన్నే మిన్న అని మన పెద్దలు ఊరకే అనలేదు. కంటి అంచున పెట్టే ప్రతి వస్తువునూ ఎరిగి పెట్టుకోవాలి. ఇంట్లో ఎవరూ చెప్పకపోతే ఆడపిల్లలు ఫోన్‌లో వచ్చే వీడియోలు చూసి నేర్చుకుంటారు. చల్లని గదిలో, పొడిగాలిలో చిత్రించిన ఆ వీడియోలు ప్రోతరాపూర్ వాతావరణానికి సరిపడవు.

ఈ అండమాను దీవులలో, శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) చెంతనున్న మా ప్రోతరాపూర్‌లో సంవత్సరమంతా గాలిలో తేమ ఉంటుంది. మే నెలలో మొదలైన వానలు డిసెంబరు వరకు దఫదఫాలుగా కురుస్తూనే ఉంటాయి. మరొక విశేషం కూడా ఉన్నది. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. మేముండే చోటు 92.7 డిగ్రీల దగ్గర ఉన్నది. అందుచేత గడియారం చెప్పే వేళ కంటె సూర్యుడు ఇక్కడ సుమారు 40 నిమిషాలు ముందుగా నడుస్తాడు. నవంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే ప్రొద్దు గ్రుంకుతుంది. దుర్గాపూజ, దీపావళి, పెండ్లి విందులు అన్నీ దీపాల వెలుగులోనే జరుగుతాయి. పొగచాయల కన్నులు దీపాల వెలుగుకే పుట్టిన అలంకరణ గనుక, ఇది ఇక్కడివారికి నచ్చుటలో ఆశ్చర్యము లేదు.

కాటుక మన ఇంటిదే

పేరు ఆంగ్లమైనా విషయం మనకు కొత్తది కాదు. ఆయుర్వేద గ్రంథాలు దినచర్యలో అంజనమును కూడా చేర్చాయి. మన అమ్మమ్మలు ఆకుపసరులో తడిపి ఆరబెట్టిన గుడ్డను వత్తిగా చేసి, ఆముదపు దీపం వెలిగించి, దానిపై ఇత్తడి పళ్ళెమో రాగి పాత్రో బోర్లించేవారు. దాని అడుగున పట్టిన మసిని నేతితోనో ఆముదంతోనో నూరి భరిణెలో దాచేవారు. ఆ మసి కేవలం కర్బనం. నేటి కాటుక పెన్సిళ్ళలోని నలుపు చాలావరకు ఇనుపపు ఆక్సైడు గాని, శుద్ధి చేసిన కర్బనం గాని. దానిని పట్టి నిలిపేవి మైనము, నూనె. నూనెకు బదులు మైనము చేరినదే గాని పద్ధతి దాదాపు అదే.

ఆంధ్రదేశపు కూచిపూడి భాగవతులు కంటికి దిట్టంగా గీత గీసి, దానిని కణత వరకు సాగదీసేవారు. సత్యభామ వేషానికి పేరుగాంచిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారి చూపు ఆఖరి వరుసలోని ప్రేక్షకునికి కూడా అందేదంటే, అభినయంతో పాటు ఆ గీత చేసిన సాయం కూడా ఉన్నది. 1957 నాటి ‘మాయాబజార్’ నలుపు తెలుపుల చిత్రం. అందులో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుని పొగరును సావిత్రి గారు కన్నులతోనే చూపించారు. రంగులు లేని తెరపై కంటి చుట్టూ ఉండే చీకటి, వెలుగులే రంగులు.

పాశ్చాత్య దేశాలలో కూడా ఈ అలంకరణకు బాట వేసినది మూకీ చిత్రాలే. 1917లో వచ్చిన ‘క్లియోపాత్రా’లో థీడా బారా అనే నటి కన్నుల చుట్టూ దట్టంగా నల్లని చాయ పూసుకొని నటించింది. 1922లో ఈజిప్టు రాజు టూటన్‌ఖామెన్ సమాధి బయటపడిన తరువాత అక్కడి కాటుక కన్నుల మోజు లోకమంతటా వ్యాపించింది. అంటే ఈ అలంకరణ తూర్పు దేశాల నుండి పడమటికి వెళ్ళి, కొత్త పేరుతో తిరిగి మన ఇంటికి వచ్చినదే. మన దేశంలో సౌందర్య సాధనాల తయారీకి టాటా సంస్థ 1952లో లాక్మే కంపెనీని స్థాపించింది. ‘లాక్మే’ అన్నది కూడా ‘లక్ష్మి’ అనే పేరుకు ఫ్రెంచి రూపమే.

కాటుకకు, పొగచాయకు ఒక్క భేదం చెప్పుకోవాలి. కాటుకకు గీత అందము. పొగచాయకు గీత లేకపోవుటే అందము. ఎక్కడ నలుపు ముగిసి ఎక్కడ గోధుమరంగు మొదలయినదో చూచేవారికి తెలియకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తక్కినదంతా అభ్యాసము.

పెట్టెలో ఏమున్నది?

ఐషాడో పొడులలో ముఖ్యంగా ఉండేవి టాల్కు, అభ్రకము, ఇనుపపు ఆక్సైడులు, టైటానియం డయాక్సైడు, వీటిని పట్టి ఉంచే కొద్దిపాటి నూనె పదార్థము. గోధుమ, ఎరుపు, పసుపు, నలుపు చాయలు చాలావరకు ఇనుపపు ఆక్సైడుల నుండి వస్తాయి. తళుకు వచ్చేది అభ్రకము నుండి. మన నెల్లూరు సీమలో గూడూరు పరిసరాల గనుల నుండి త్రవ్వి తీసినది ఈ ఖనిజమే. కొన్ని ఎరుపు, ఊదా చాయలలో ‘కార్మైన్’ అనే రంగు ఉంటుంది. అది ఒక జాతి పురుగుల నుండి తీసినది. ఆచారరీత్యా దానిని పరిహరించదలచిన వారు పెట్టె వెనుక ఆ పేరు ఉన్నదో లేదో చూసుకోవచ్చు.

పొగచాయకు 18 గడులు, 36 గడులు ఉన్న పెద్ద పెట్టె అక్కరలేదు. నాలుగు చాయలు చాలును. మొదటిది మీ చర్మపు రంగుకు కొంచెం లేతగా ఉండే చాయ. రెండవది చర్మము కంటె కొంచెం ముదురైన గోధుమరంగు. మూడవది కాఫీగింజ వంటి ముదురు గోధుమ. నాలుగవది బొగ్గు నలుపు. మొదటి మూడు మెరుపు లేనివిగా ఉండుట మేలు. మెరుపు కావాలంటే చివర రెప్ప నడుమ ఒక్క చుక్క అద్దుకోవచ్చు. పెట్టెలోని ఇతర గడులు చాలామంది ఇళ్ళలో వాడకుండానే పాతబడిపోతాయి. ఆ డబ్బుతో మంచి కుంచెలు రెండు కొనుక్కొనుట వివేకము.

మన చాయకు సంబంధించి ఒక సూచన. విదేశీ చిత్రాలలో పొగచాయకు ఎక్కువగా బూడిదరంగు వాడతారు. చామనచాయ గల మన ముఖానికి అది విభూతి పూసినట్లు పాలిపోయి కనబడుతుంది. ముదురు గోధుమ, రాగి, వంకాయరంగు, బొగ్గు నలుపు మనకు నప్పుతాయి. అంగడిలో పరీక్షించేటప్పుడు ముంజేతి లోపలి భాగంపై రాసి, పగటి వెలుగులో చూడాలి. పరీక్షకు ఉంచిన డబ్బాను ఎన్నడూ కంటికి తాకించరాదు. ఎందరి చేతులు దానిలో పడ్డాయో మనకు తెలియదు.

కొనేటప్పుడు పెట్టె వెనుక వ్రాత చదవాలి. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచి సంఖ్య, తయారీ లైసెన్సు సంఖ్య, ఎప్పటిలోగా వాడాలో తెలిపే తేదీ ఉండాలి. విదేశపు సరకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషను సంఖ్య ఉండాలి. ఇవేవీ లేకుండా పేరుగాంచిన కంపెనీ బొమ్మ ఒక్కటే ఉంటే అది నకిలీ కావచ్చునని గ్రహించాలి. మన దేశపు నిబంధనల ప్రకారం సౌందర్య సాధనాలలో రంగు కోసం సీసము, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడరాదు. కంటిచుట్టూ వాడే వాటిలో పాదరసానికి కూడా 10 లక్షల పాళ్ళకు 70 పాళ్ళని పరిమితి విధించారు. లైసెన్సు సంఖ్య లేని సరకు విషయంలో ఈ నిబంధనల రక్షణ మనకు అందదు.

ఇటువంటి చట్టాలు తేలికగా రాలేదు. 1933 ప్రాంతంలో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు అమ్మారు. దానిలోని ఒక రసాయనం వలన కొందరు స్త్రీల కన్నులు దెబ్బతిన్నాయి, చూపు పోయినవారు ఉన్నారు, ఒకామె మరణించింది. నాటి అమెరికా చట్టంలో సౌందర్య సాధనాలకు చోటు లేనందున ప్రభుత్వం ఏమీ చేయలేకపోయింది. 1938లో కొత్త చట్టం వచ్చిన తరువాతనే ఆ సరకును పట్టుకొనగలిగారు. మన దేశంలో 1940 నాటి ఔషధ చట్టానికి 1962లో చేసిన సవరణతో సౌందర్య సాధనాలు కూడా చట్టం పరిధిలోకి వచ్చాయి. పెట్టె వెనుకనున్న చిన్న అక్షరాల వెనుక ఇంత కథ ఉన్నది.

అలంకరించుకొను విధానము

తొలిసారి ప్రయత్నించువారు వేడుక రోజున కాక, తీరికగా ఉన్న ఒక సెలవునాడు సాధన చేయుట మంచిది. కిటికీకి ఎదురుగా, వెలుగు ముఖంపై సమంగా పడేటట్లు కూర్చోవాలి. ఒకవైపు దీపం ఉంటే ఒక కన్ను ముదురుగా, ఒకటి లేతగా వస్తుంది. ముఖానికి పౌడరు, ఫౌండేషను వంటివి పూయకముందే కంటి పని ముగించాలి. నల్లని పొడి చెక్కిలిపై రాలినా తుడిచివేయుట సులభమవుతుంది.

1. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ముఖం కడిగి తడి లేకుండా ఒత్తుకోవాలి. రెప్పపై జిడ్డు ఉంటే పొడి నిలువదు.

2. రెప్పపై ప్రైమరు గాని, అతి పలుచగా ఫౌండేషను గాని పూసి, దానిపై ముఖానికి వాడే పౌడరును కొద్దిగా అద్దాలి. పూత మందమైతే చెమటకు రెప్ప మడతలో గీతలుగా చేరుతుంది.

3. రెండవ చాయను, అనగా లేత గోధుమను, మెత్తని గుబురు కుంచెతో రెప్ప మడతపై ఇటూ అటూ పూయాలి. కుంచెను పొడిలో ముంచిన ప్రతిసారీ తట్టి, అదనపు పొడిని దులపాలి. కన్ను తెరిచినప్పుడు ఈ చాయ మడతకు కొంచెం పైన కనబడితే చాలు, కనుబొమ వరకు ఎక్కరాదు.

4. నల్లని కాటుక పెన్సిలుతో పై రెప్ప వెంట్రుకల మొదళ్ళ వెంబడి గీత గీయాలి. గీత వంకరైనా చింత లేదు. అది ఆరిపోకముందే, అర నిమిషంలోగా, చిన్న కుంచెతో గాని దూదిపుల్లతో గాని పైకి చెరపాలి. పొగ పుట్టేది ఇక్కడే.

5. మూడవ చాయను, ముదురు గోధుమను, చెరిపిన కాటుకపై అద్దాలి. రుద్దరాదు. అద్దితే రంగు నిలుస్తుంది, రుద్దితే రాలుతుంది. బయటి కనుకొలకు వద్ద ముదురుగా, ముక్కు వైపు వచ్చేకొద్దీ లేతగా ఉండాలి.

6. బొగ్గు నలుపును వెంట్రుకల మొదళ్ళ వద్ద, బయటి కొలకులో మాత్రమే కొద్దికొద్దిగా వేయాలి. ఒకేసారి ఎక్కువ వేస్తే తీయుట కష్టం. లేతగా వేసి రెండుమూడు సార్లు ముదురు చేయుట తేలిక.

7. ఏ రంగూ అంటని శుభ్రమైన కుంచెతో అంచులను చిన్నచిన్న వలయాలుగా చెరపాలి. ఈ పనికి వెచ్చించిన కాలమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. రంగు వేయుటకు రెండు నిమిషాలు పడితే అంచు చెరపుటకు నాలుగు నిమిషాలు పట్టాలి.

8. క్రింది రెప్పకు బయటి వైపు మూడింట రెండు వంతుల వరకు ముదురు గోధుమ చాయను సన్నగా పూసి, పై చాయతో కలపాలి. క్రింద కూడా నలుపు దట్టంగా పెడితే నిద్రలేని కళ్ళవలె ఉంటాయి.

9. లేత చాయను ముక్కు వైపు కొలకులోను, కనుబొమ క్రింది ఎముకపైన కొద్దిగా అద్దాలి. చీకటి ప్రక్కన ఈ వెలుగు లేకపోతే కన్ను చిన్నదిగా కనబడుతుంది. చివర మస్కారా ఒక పూత చాలును.

కన్నులకు ఇంత చేసిన నాడు పెదవులకు, చెక్కిళ్ళకు లేత రంగు వేయాలి. రెండూ ముదురైతే ఏదీ నిలువదు. పట్టుచీరకు జరీ అంచు రంగును బట్టి రాగి చాయ, నూలు చీరకు మెరుపు లేని గోధుమ బాగుంటాయి.

కళ్ళజోడు గలవారికి ఒక మాట. దూరపుచూపు తక్కువై మైనస్ అద్దాలు ధరించువారి కన్నులు అద్దం వెనుక చిన్నవిగా కనబడతాయి. వారు నలుపు తగ్గించి, లేత చాయ కొంచెం పెంచాలి. ప్లస్ అద్దాలు కన్నును పెద్దది చేసి చూపుతాయి. చెరపని అంచును కూడా పెద్దది చేసి చూపుతాయి గనుక వారు ఆ పని మరింత శ్రద్ధగా చేయాలి. పదవీ విరమణకు దగ్గరపడుతున్న మా వయస్సు వారికి రెప్పలపై ముడుతలు సహజము. మెరుపు పొడి ఆ ముడుతలను ఎత్తి చూపుతుంది. మెరుపులేని గోధుమ ఒక్కటి వెంట్రుకల దగ్గర చెరిపితే ఎంతో హుందాగా ఉంటుంది. ఈ అలంకరణ కన్యలకే అని ఎవరూ అనుకోనక్కరలేదు.

కన్ను పంచుకోరానిది

అసలు చెప్పదలచినది ఇప్పుడు చెప్తాము. కాలనీలో వేడుక ఉన్నదంటే ఆడపిల్లలందరూ ఒక ఇంట చేరి అలంకరించుకొనుట మన అలవాటు. పూలమాల తుంచి పంచుకుంటాము, గాజులు మార్చుకుంటాము, పెద్ద దువ్వెన ఒకటి చేతులు మారుతుంది. పరాయి సీమలో, ఊరికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో సముద్రం నడుమ ఉన్నవారికి ఈ కలివిడితనమే బలము. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర నుండి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. పండుగనాడు ఇరుగు పొరుగే మనకు పుట్టిల్లు. ఆ ప్రేమతోనే ఒక రంగుల పెట్టె, ఒక కుంచె, ఒక కాటుక పెన్సిలు పది జతల కన్నులను చుట్టి వస్తుంది. ఆ ఒక్కటి మాత్రం మానుకోవాలని మా విన్నపము.

కారణం వినండి. మన రెప్పల అంచున, వెంట్రుకలకు లోపలి వైపు, నూనెను స్రవించే అతి సూక్ష్మమైన గ్రంథుల నోళ్ళు వరుసగా ఉంటాయి. పై రెప్పలో 25 నుండి 40 వరకు, క్రింది రెప్పలో 20 నుండి 30 వరకు ఉంటాయి. ఆ నూనె కన్నీటిపై పలుచని పొరగా పరుచుకొని కన్ను ఆరిపోకుండా కాపాడుతుంది. కాటుకను లోపలి అంచున పెట్టినప్పుడు ఈ నోళ్ళు మూసుకుపోవచ్చు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రకటించిన పరిశీలనలో, పెన్సిలును వెంట్రుకలకు వెలుపల కాక లోపలి అంచున పెట్టినప్పుడు మొదటి 5 నిమిషాలలోనే 15 నుండి 30 శాతం ఎక్కువ రేణువులు కన్నీటిలోకి చేరినట్లు తేలింది. రేణువులు వెళ్ళే దారినే సూక్ష్మక్రిములు కూడా వెళ్తాయి. ఒకరి కంటి కురుపు, ఒకరి కండ్లకలక పెన్సిలు మొన మీద ప్రయాణించి మరొకరికి చేరుతుంది.

కండ్లకలక ఎంత వేగంగా ప్రాకుతుందో మన పొరుగునున్న బెంగాలీ కుటుంబాలలోని పెద్దలను అడిగితే చెప్తారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో కలకత్తాను ముంచెత్తిన కండ్లకలకకు అక్కడివారు ‘జయ్ బంగ్లా’ అని పేరు పెట్టారు. 2023 వానకాలంలో తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో ఎన్నో చోట్ల అది మళ్ళీ విజృంభించింది. కన్ను ఎర్రబడిన నాడు ఏ అలంకరణా పనికిరాదు. తగ్గిన తరువాత, జబ్బు రోజులకు ముందు వాడిన కాటుకను, మస్కారాను పారవేయాలి. పదిరూపాయల పెన్సిలైనా, వేయి రూపాయల మస్కారా అయినా ఇందులో మొహమాటం వద్దు.

అందుచేత కలిసి కూర్చుందాము, ఒకరికొకరు నేర్పుకుందాము, కుంచె మాత్రం ఎవరిది వారే తెచ్చుకుందాము. పెట్టె ఒక్కటే ఉన్నపుడు చేయదగిన ఉపాయం కూడా ఉన్నది. శుభ్రమైన చెంచా కాడతో కొద్దికొద్దిగా పొడిని గీకి, ఎవరి కాగితంపై వారికి వేసి ఇవ్వవచ్చు. కాటుక, మస్కారా మాత్రం తల్లీకూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు కూడా మార్చుకోరాదు. పెండ్లికూతుళ్ళను అలంకరించి నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్న గృహిణులు ప్రతి ముఖానికీ శుభ్రమైన కుంచెలు వాడితే, ఆ శుభ్రతే వారికి మంచి పేరు తెస్తుంది.

ద్వీపపు గాలికి జాగ్రత్తలు

తేమ మన పొడులకు శత్రువు. పెట్టెను స్నానాల గదిలో ఉంచరాదు. మూత బిగించి, మందుసీసాలతో వచ్చే సిలికాజెల్ పొట్లం ఒకటి ప్రక్కన పెట్టి, గాలి చొరని డబ్బాలో ఉంచాలి. పిల్లలు ఆ పొట్లాన్ని నోట పెట్టుకోకుండా చూడాలి. కుంచెలను వారానికి ఒకసారి గోరువెచ్చని నీటిలో కొద్దిపాటి షాంపూతో కడిగి, పిండి, అడ్డంగా పరచి ఫ్యాను క్రింద ఆరబెట్టాలి. నిలువుగా పెడితే నీరు పిడిలోకి దిగి జిగురు వదులుతుంది. వానకాలంలో రెండు రోజులు పట్టినా పూర్తిగా ఆరనిదే వాడరాదు. బూజు వాసన వచ్చినా, పొడిపై తెల్లని మచ్చ కనబడినా ఆ గడిని వదులుకోవాలి.

మస్కారాను తెరిచిన మూడు నెలలకు పారవేయమని కంటి వైద్యులు చెప్తారు. పొడులు ఎక్కువ కాలం ఉంటాయి. పెట్టె వెనుక మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మలో 6, 12, 24 వంటి అంకె ఉంటే, తెరిచిన తరువాత అన్ని నెలలు వాడవచ్చునని అర్థము. తెరిచిన తేదీని కాగితంపై వ్రాసి పెట్టెకు అంటిస్తే మరపు ఉండదు.

రాత్రి ఎంత ఆలస్యమైనా రంగుతో నిద్రించరాదు. దీవులలో కొబ్బరినూనెకు కొదువ లేదు. దూదిని కొబ్బరినూనెలో తడిపి, మూసిన రెప్పపై పది క్షణాలు ఆనించి, క్రిందికి మెల్లగా తుడిస్తే మైనము, కాటుక కరిగి వస్తాయి. నూనె కంటిలోకి పోకుండా చూసుకొని, తరువాత ముఖం కడుక్కోవాలి. కాంటాక్టు లెన్సులు వాడువారు అలంకరణకు ముందు లెన్సులు పెట్టుకోవాలి, తుడుచుకొనుటకు ముందు తీయాలి. కన్ను మండినా, నీరు కారినా, చూపు మసకబారినా రంగు తీసివేసి కంటి వైద్యుని చూడాలి. ఇంట్లో ఉన్న పాత చుక్కలమందు వేసుకొనుట ప్రమాదము.

పసిపిల్లల విషయము

ఈ శీర్షిక చదివే అమ్మమ్మలకు, నాయనమ్మలకు ప్రత్యేకంగా ఒక మనవి. ఈజిప్టు మొదలు మన ఉత్తరదేశపు బజార్ల వరకు సుర్మా అనే పేరుతో వాడిన నల్లని పొడిలో చాలావరకు ఉన్నది గలీనా, అనగా సీసపు గంధకిదము. ఈజిప్టువారి అంజనాలలోని కొన్ని సీసపు లవణాలు అతి స్వల్ప మోతాదులో సూక్ష్మక్రిములతో పోరాడుటకు శరీరాన్ని ప్రేరేపించి ఉండవచ్చునని 2010లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అది పురాతన విజ్ఞానానికి గౌరవమే గాని, నేడు సుర్మా వాడుటకు అనుమతి కాదు. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. వారికి నిరపాయమైన మోతాదు అంటూ ఏదీ తేలలేదు. అమెరికాలో కంటికి పెట్టే ఈ సుర్మాకు అసలు అనుమతే లేదు.

మన ఇంటి ఆముదపు కాటుక వేరు, దాని స్వభావంలో సీసము లేదు. అయినా పసికందు కంటిలో వ్రేలు పెట్టి కాటుక దిద్దినప్పుడు మన గోటి మురికి కూడా వెళ్తుంది. బిడ్డ కన్ను నులుముకొని అదే చేతిని నోట పెట్టుకుంటుంది. దిష్టి తగులుతుందని భయమైతే చుక్కను అరికాలిలో పెట్టండి. దిష్టి చూచువారికి అరికాలు చాలును. పేరు, చిరునామా లేని కాటుక డబ్బాలు, సుర్మా సీసాలు మాత్రం ఇంట ఉంచరాదు.

ఇక తల్లులకు చివరి మాట. కూతురు కన్నులకు పొగచాయ దిద్దుకొనుట చూచి ‘ఇదేమి వేషం?’ అని గద్దించే ముందు మన కాలపు కాటుకను, బొట్టుబిళ్ళలను, ‘సినిమా వేషాలు’ అని మన పెద్దలు విసుగుకొనుటను తలచుకోవాలి. గద్దిస్తే పిల్ల మానదు. స్నేహితురాలి ఇంట, స్నేహితురాలి కుంచెతో పెట్టుకుంటుంది. ప్రక్కన కూర్చుని పెట్టె వెనుక వ్రాత చదివించే తల్లి ఉన్న ఇంట్లో ఆ భయం లేదు. తన కుంచె, తన కాటుక, రాత్రికి తుడుచుకొను అలవాటు, ఈ మూడు నేర్పితే తక్కినవి పిల్ల తానే నేర్చుకుంటుంది.

రాబోవు పండుగలకు మన సంస్థ కుటుంబాలలోని ఆడపడుచులందరి కన్నులు చల్లగా, ఆరోగ్యంగా ప్రకాశించాలని ఆకాంక్షిస్తున్నాము. సందేహాలు ఉన్నవారు ఎప్పటివలెనే ‘గృహసీమ’కు వ్రాయగలరు. వచ్చే సంచికలో వానకాలపు చీరల భద్రత గురించి, జరీ నల్లబడకుండా దాచుకొను పద్ధతుల గురించి ముచ్చటించుకుందాము.